అల్ మఅర్రీ నిరాశను ఎలా చదవాలి?

సాయంకాలపు చదువరి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. సిరియా కవి అబుల్ అలా అల్ మఅర్రీ పద్యాలను కొంతకాలంగా ఇంగ్లీషు అనువాదంలో చదువుతున్నాను. ఉమర్ ఖయ్యాం మనకు తెలిసినంతగా ఈయన తెలియడు కనుక రెండు మాటల్లో పరిచయం చేస్తాను. అలెప్పోకు దక్షిణాన ఉన్న మఅర్రా పట్టణంలో 973లో పుట్టిన ఈయన నాలుగో ఏట మశూచి సోకి చూపు పోగొట్టుకున్నాడు. పెద్దయ్యాక బాగ్దాదు వెళ్లి ఏడాదిన్నర పాటు అక్కడి పండితుల మధ్య గడిపాడు. 1010లో తిరిగి వచ్చేసరికి తల్లి కన్నుమూసింది. అప్పటి నుంచి 1057లో చనిపోయేవరకూ దాదాపు ఇల్లు కదలలేదు. చూపు లేకపోవడం, ఇల్లు వదలకపోవడం అనే రెండు చెరల్లో ఉన్న ఖైదీనని చెప్పుకున్నాడు; ఒక పద్యంలో దేహాన్ని మూడో చెరగా చేర్చాడు.

మతం పేరిట నటించేవాళ్ల మీద ఆయన రాసిన పద్యాలు చదువుతుంటే నాకు ఊపిరి ఆడినట్టు ఉంటుంది. మా కాలనీలో కార్తీక మాసమంతా మైకు పట్టుకుని దానధర్మాల గురించి చెప్పే ఒక పెద్దమనిషి, తన ఇంట్లో అంట్లు తోమే ఆవిడ జ్వరంతో రెండు రోజులు రాకపోతే ఆ రెండు రోజుల జీతం కోసేశాడు. ఆయనను ఎవరూ ఏమీ అనరు, నేనూ అనలేదు. అలాంటి మనిషిని వెయ్యేళ్ల కిందటే ఒకరు నిలదీశారని తెలిస్తే కాస్త ధైర్యం వస్తుంది. కానీ అదే కవి మరో చోట పుట్టడమే తనకు జరిగిన అన్యాయమని అంటాడు. ఆఫీసు, బస్సు, వంట, పిల్లల హోంవర్కు ముగించుకుని రాత్రి పదింటికి పుస్తకం తెరిస్తే ఆ మాటలు గుండె మీద బరువుగా కూర్చుంటున్నాయి. కపటాన్ని ఎండగట్టిన మఅర్రీని మాత్రం ఉంచుకుని, నిరాశావాది మఅర్రీని వదిలేయవచ్చా? ఆ రెండూ విడదీయగలిగినవేనా?

పాతపుస్తకాల బీరువా

విడదీయలేమని నా అభిప్రాయం. ఆయన కోపమంతా ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. లుజూమియ్యాత్ సంపుటిలో ఒక ప్రబోధకుడి మీద పద్యం ఉంది. అతడు పొద్దున మద్యం నిషిద్ధమని జనానికి బోధించి, సాయంత్రం తెలిసి తెలిసే తాగుతాడు. ఒంటి మీద కప్పుకోవడానికి గుడ్డ లేదని చెప్పుకుంటాడు కానీ, ఆ గుడ్డలను ఆ తాగుడు కోసమే తాకట్టు పెట్టి ఉంటాడు. వద్దని చెప్పిన పనిని తానే చేసేవాడు ఒక విధంగా కాదు, రెండు విధాలుగా తప్పు చేస్తున్నాడని ముగింపు. మీరు చెప్పిన పెద్దమనిషి విషయంలోనూ ఇంతే. జీతం కోసినందుకు ఒక తప్పు, దానం గురించి మాట్లాడినందుకు మరో తప్పు.

ఈ కొలతతో ఆయన ముందు తననే కొలుచుకున్నాడు. ముప్పై ఏళ్లు దాటాక మాంసం మానేశాడు. దూడ కోసం ఉన్న పాలను, తేనెటీగ తన కోసం కూడబెట్టుకున్న తేనెను లాక్కోవద్దని రాశాడు. చేతికి చిక్కిన మిణ్ణల్లిని చంపకుండా వదిలేయడం బీదవాడికి దిర్హమ్ ఇవ్వడం కంటే గొప్ప పుణ్యమని ఒక పద్యంలో అంటాడు. ఈజిప్టును ఏలిన ఫాతిమీల మత ప్రచారకుడు అల్ ముఅయ్యద్ షీరాజీ, దేవుడే అనుమతించిన ఆహారాన్ని ఎందుకు వదిలారని ఉత్తరాల్లో పట్టుబట్టి అడిగితే, ఏడాదికి ఇరవై చిల్లర దీనార్ల రాబడిలో సేవకుడికి పోగా మిగిలేది పప్పులకూ అలాంటి వాటికే సరిపోతుందని బదులిచ్చాడు. అంతకంటే మంచి ఏర్పాటు చేయిస్తానంటే వద్దన్నాడు. లోకం నిండా బాధే ఉందని నమ్మినవాడు కాబట్టే తన వంతుగా మరికొంత బాధ చేర్చకూడదని అంత పట్టుదలగా ఉన్నాడు. ఆ నిరాశను తీసేస్తే మీకు నచ్చిన పద్యాలకు ఆధారం ఉండదు.

లెక్కల మాస్టారు

పై వారి మాటల్లో చాలావరకు నాకు సమ్మతమే కానీ, మఅర్రీని రుషిని చేసి కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు. ఆడపిల్లలకు వడకడం, నేయడం నేర్పితే చాలు, చదువూ రాతా వద్దని ఆయనే రాశాడు. ముస్లిములు, క్రైస్తవులు, యూదులు, మాగీలు (జొరాస్ట్రియన్లు) అందరూ దారి తప్పారని అంత ధైర్యంగా చెప్పిన మనిషి ఈ ఒక్క విషయంలో తన కాలపు మగవాళ్ల కంటే ఒక్క అడుగు కూడా ముందుకు వేయలేదు. అంతటా బుద్ధినే నమ్మాలన్నవాడు ఇక్కడ దాన్ని పక్కన పెట్టాడు.

నన్ను కనడం నా తండ్రి నా మీద చేసిన నేరం, నేను ఎవరి మీదా ఆ నేరం చేయలేదు అనే అర్థం వచ్చే పాదాన్ని తన సమాధి మీద రాయించమన్నాడని చెబుతారు. ఇద్దరు పిల్లలను పెంచినవాడిగా ఆ మాటను నేను ఒప్పుకోలేను. మన వేమన కూడా ఆచారాలను చీల్చి చెండాడాడు, సంసారాన్ని తిట్టాడు. అయినా ఆయన పద్యాల్లో ఉప్పు, కర్పూరం, చెప్పులోని రాయి, చెవిలోని జోరీగ, ఊరూ జనమూ నిండి ఉంటాయి. మఅర్రీలో ఆ సందడి నాకు తక్కువగా కనిపిస్తుంది. ఒక్క మాట ప్రశ్న అడిగినవారికి: ఆ బరువు పుస్తకం మూశాక కూడా పొద్దుటిదాకా దిగకపోతే, అది కవిత్వం పని కాదు. దయచేసి ఇంట్లోవాళ్లతో చెప్పండి, డాక్టరును కలవడానికి వెనకాడవద్దు.

యతిప్రాస

మాస్టారు గారూ, స్త్రీల చదువు గురించి మీరన్నది నిజం, దాన్ని ఎవరూ సమర్థించనక్కరలేదు. జన సందడి గురించి మాత్రం కొంత చెప్పాలి. 1047లో ఆ ఊరి మీదుగా వెళ్లిన పారశీక యాత్రికుడు నాసిర్ ఖుస్రో, రెండువందల మందికి పైగా విద్యార్థులు నలుమూలల నుంచి వచ్చి ఈ అంధకవి దగ్గర చదువుకుంటున్నారని రాశాడు. ఆయన ముతక కంబళి కప్పుకుని బార్లీ రొట్టె తప్ప మరేమీ తినడని కూడా రాశాడు. జీవితం విసుగని చెప్పిన మనిషి ఆ విసుగుతోనే దశాబ్దాల పాటు ప్రతిరోజూ పాఠం చెప్పాడు.

1026 ప్రాంతంలో ఇంకొకటి జరిగింది. మద్యం అమ్మే ఒక దుకాణం గురించి ఒక స్త్రీ మసీదుకు వచ్చి ఫిర్యాదు చేస్తే, జనం ఆ దుకాణాన్ని కూల్చేశారు. పాలకుడు సాలిహ్ ఇబ్న్ మిర్దాస్ ఊరి పెద్దలను నిర్బంధించాడు. అప్పుడు జనం వచ్చి బతిమాలితే, ఇల్లు దాటనన్న కవి ఇల్లు దాటి సాలిహ్ దగ్గరకు వెళ్లి మాట్లాడాడు, పెద్దలు విడుదలయ్యారు. నా గొంతులో అతడు పావురం కూత విన్నాడు, అతడి గొంతులో నేను సింహగర్జన విన్నాను అని తర్వాత రాసుకున్నాడు. మనుషుల మీద ఆశ లేదన్నవాడు ఆ మనుషుల కోసమే వెళ్లాడు.

రూపం సంగతి కూడా గమనించాలి. లుజూమియ్యాత్‌లో అంత్యప్రాసకు ఒక అక్షరం సరిపోయే చోట దాని ముందు అక్షరాన్ని కూడా పద్యమంతా నిలిపాడు, అదీ అరబ్బీ అక్షరమాల పొడవునా. కందంలో ప్రాస కుదర్చడానికి తంటాలు పడ్డవారికి ఆ శ్రమ ఎంతో తెలుస్తుంది. ఏదీ అక్కరలేదనుకున్న మనిషి ఇంత శ్రమ పడడు. ఈజిప్టు రచయిత తాహా హుస్సేన్, ఆయనా చూపు లేనివారే, 1914లో మఅర్రీ మీదే డాక్టరేటు సిద్ధాంత గ్రంథం సమర్పించారు. 2013లో సాయుధ మతవాదులు మఅర్రాలోని ఆయన విగ్రహం తల నరికారంటే ఆ పద్యాలు ఇంకా ఎవరికి తగులుతున్నాయో చూడండి.

అడిగినవారికి నా సలహా: ఇంగ్లీషు పండితుడు నికల్సన్ 1921లో అచ్చువేసిన అనువాదాల్లో రాత్రికి రెండు మూడు పద్యాలకు మించి చదవకండి, సంపుటిని వరుసగా అసలు చదవకండి. పుట్టుక మీది పద్యం చదివిన రోజునే మిణ్ణల్లి పద్యమూ చదవండి.