ఎస్‌టీ వాళ్ల యూఎస్‌బీ కోడ్‌ను జీడీ32 చిప్‌లో వాడొచ్చా?

పంపుసెట్టు:
అందరికీ నమస్తే. చర్లపల్లిలో మాది చిన్న యూనిట్. బోరు మోటార్లను ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేసే స్టార్టర్లు తయారు చేస్తాం. ఇన్నాళ్లూ ఎస్‌టీ (ఎస్‌టీమైక్రోఎలక్ట్రానిక్స్) కంపెనీ మైక్రోకంట్రోలర్ చిప్ ఎస్‌టీఎం32ఎఫ్103 వాడాం. సెట్టింగులు పంపడానికి బోర్డు మీద యూఎస్‌బీ పోర్టు ఉంటుంది. దాని కోడ్ ఎస్‌టీ వాళ్ల టూల్ క్యూబ్‌ఎంఎక్స్ జనరేట్ చేసిందే. 2021లో చిప్‌లు దొరక్క పడిన తిప్పల తర్వాత, ఇంకో చిప్ కూడా సిద్ధంగా ఉండాలని మా పార్ట్‌నర్ పట్టు. గిగాడివైస్ కంపెనీ చిప్ జీడీ32ఎఫ్103 అదే ప్యాడ్ల మీద సరిగ్గా కూర్చుంది, మా బైనరీ కూడా నడిచింది.

ఇప్పుడొక పెద్ద కస్టమర్, ఫర్మ్‌వేర్‌లో ఏ ముక్క ఎక్కడిది, దాని లైసెన్స్ ఏంటి అని పట్టిక నింపి సంతకం పెట్టి ఇమ్మన్నారు. యూఎస్‌బీ ఫోల్డర్ దగ్గర ఎస్‌ఎల్‌ఏ0044 అని ఎస్‌టీ లైసెన్స్ ఒకటి కనిపించింది. ఫ్రీగా ఇచ్చిన కోడే కదా, ఇబ్బంది ఉంటుందా? హాల్ (చిప్ భాగాలను నడిపే ఎస్‌టీ లైబ్రరీ) కూడా తీసేయాలా? టెన్షన్‌గా ఉంది.

బ్రెడ్‌బోర్డ్ బాబు:
ఎవరు చూస్తారన్నా! రీడ్ ప్రొటెక్షన్ (చిప్‌లోని కోడ్‌ను బయటివాళ్లు చదవకుండా వేసే తాళం) పెట్టి పంపించెయ్.

పాత సోల్డర్:
బాబూ, పట్టిక అడిగింది కస్టమర్, సంతకం పెట్టేది ఈయన. రీడ్ ప్రొటెక్షన్ దానికేం అడ్డుపడుతుంది?

పంపుసెట్టు గారూ, క్యూబ్ ప్యాకేజీ మొత్తానికీ ఒకటే లైసెన్స్ అనుకోకండి. ఫోల్డర్ ఫోల్డర్‌కీ వేరు. హాల్‌ది బీఎస్‌డీ 3 క్లాజ్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్. చిప్ లోపలి ప్రాసెసర్‌ను డిజైన్ చేసిన ఆర్మ్ ఇచ్చే సిమ్సిస్ కోర్ ఫైళ్లవి అపాచీ 2.0, అదీ ఓపెన్ సోర్స్ లైసెన్సే. ఫలానా చిప్ మీదే నడపాలన్న షరతు ఈ రెంటిలోనూ లేదు. మిడిల్‌వేర్స్ కింద ఉన్న యూఎస్‌బీ డివైస్ లైబ్రరీకే ఎస్‌ఎల్‌ఏ0044. ఎస్‌టీ తయారు చేసిన, లేదా ఎస్‌టీ కోసం తయారైన మైక్రోకంట్రోలర్లు, మైక్రోప్రాసెసర్ల మీద మాత్రమే ఆ కోడ్ నడవాలని అందులో ఉంది. పైసా కట్టక్కర్లేదు, కానీ జీడీ చిప్‌లో వేసిన రోజు ఆ షరతు తప్పినట్టే.

నాకైతే ఇందులో అన్యాయం కనిపించదు. చిప్ అమ్ముడుపోవాలనే కదా కోడ్ ఊరికే ఇస్తున్నారు! ఇంకో చిప్ కంపెనీ నార్డిక్ లైసెన్స్‌లో నాలుగో క్లాజ్ ఇదే మాట చెబుతుంది. మైక్రోచిప్ కోడ్ కూడా వాళ్ల చిప్‌లతోనే వాడాలి. అలా కట్టేయని వాళ్లూ ఉన్నారు: రాస్‌బెర్రీ పై పీకో ఎస్‌డీకే బీఎస్‌డీ, ఈఎస్‌పీ చిప్‌ల కిట్ ఈఎస్‌పీ-ఐడీఎఫ్ అపాచీ (అందులో వైఫై భాగం మాత్రం బైనరీగానే ఇస్తారు).

చిరాకు తెప్పించేది ఇంకోటి ఉంది. పాత ఫైళ్లలో పైన కామెంట్‌లోనే ఎస్‌ఎల్‌ఏ0044 అని పేరుండేది. కొత్తవాటిలో చాలాచోట్ల 'ఫోల్డర్‌లో ఉన్న లైసెన్స్ ఫైల్ చూడండి' అని వదిలేశారు. మనవాళ్లు ఆ సీ, హెచ్ ఫైళ్లను మాత్రమే కాపీ చేసుకుంటారు, లైసెన్స్ ఫైల్ అక్కడే ఉండిపోతుంది. రెండేళ్ల తర్వాత ఆ కోడ్ ఎవరిదో చెప్పేవాడు ఉండడు. మీ పట్టికలో ప్యాకేజీ వెర్షన్ కూడా రాయండి.

చేయాల్సింది: యూఎస్‌బీకి టైనీయూఎస్‌బీ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ పెట్టుకోండి, దాని లైసెన్స్ ఎంఐటీ. ఎఫ్103లోని యూఎస్‌బీ బ్లాక్‌కు దాంట్లో డ్రైవర్ ఉంది. జీడీ మీద మీరే బాగా పరీక్షించుకోవాలి. హాల్ ఉంచుకోవడానికి లైసెన్స్ అడ్డు లేదు. అయినా నేనైతే జీడీ వాళ్ల సొంత లైబ్రరీకే మారతాను, దాని ఫైళ్ల మీదా బీఎస్‌డీ షరతులే ఉంటాయి. ఇంకో మాట, జీడీ చిప్ ఫ్లాష్ (కోడ్ ఉండే మెమరీ) నుంచి వెయిట్ లేకుండా కోడ్ తీసుకుంటుంది. ఖాళీ ఫర్ లూపులతో డిలే రాసి ఉంటే తొందరగా అయిపోతుంది. రిలే దగ్గర చూసుకోండి.

పంపుసెట్టు:
చాలా థ్యాంక్స్ సార్. ఇదే ఫర్మ్‌వేర్‌లో గిట్‌హబ్ నుంచి తెచ్చిన మోడ్‌బస్ (పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి) కోడ్ ఉంది, లైసెన్స్ జీపీఎల్ అని రాసుంది. ఫ్రీఆర్‌టీఓఎస్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ కూడా ఉంది.

కోఠి కెపాసిటర్:
ఫ్రీఆర్‌టీఓఎస్ ఏ వెర్షనో చూడండి. 10 నుంచి ఎంఐటీ, గొడవే లేదు. 9 అయితే మినహాయింపుతో కూడిన జీపీఎల్, ఆ పేపర్ ఒకసారి చదవాలి.

మోడ్‌బస్ సంగతి వేరు. జీపీఎల్ అదనపు షరతులు పెట్టొద్దంటుంది. ఎస్‌ఎల్‌ఏ0044 తనని ఓపెన్ సోర్స్ షరతుల కిందికి లాగే పని చేయొద్దంటుంది. ఈ రెండూ ఒకే బైనరీలో ఉంటే ఎస్‌టీ చిప్ మీద కూడా పంపకూడదు. ఎస్‌టీ ముక్క తీసేసినా, స్టార్టర్ కొన్నవాళ్లు అడిగితే మీ ఫర్మ్‌వేర్ సోర్స్ మొత్తం ఇవ్వాలి. మీ పార్ట్‌నర్ ఒప్పుకుంటాడా? లేదంటే ఫ్రీమోడ్‌బస్ తీసుకోండి, దాని స్లేవ్ (అడిగితే జవాబిచ్చే వైపు) కోడ్ బీఎస్‌డీ.

బీఎస్‌డీ, ఎంఐటీ అన్నాం కదా అని వదిలేయకండి. ఆ కాపీరైట్ నోటీసులు సరుకుతో పాటు వెళ్లాలి, మాన్యువల్ చివరి పేజీలో వేయండి.

పంపుసెట్టు:
మా మాన్యువల్ ఒక్క కాగితమే సార్, వెనకవైపు వేయిస్తా. టైనీయూఎస్‌బీ ఎక్కించా. 72 మెగాహెర్ట్జ్‌లో బాగుంది. ఈ చిప్ 108 దాకా వెళ్తుంది కదా అని పెంచితే ల్యాప్‌టాప్ పోర్టును గుర్తించడం లేదు. ఇది లైసెన్స్ ప్రశ్న కాదు, ఏమనుకోకండి.

పాత సోల్డర్:
యూఎస్‌బీకి 48 మెగాహెర్ట్జ్ క్లాక్ కావాలి. ఆ చిప్‌లో పీఎల్‌ఎల్ (క్లాక్ వేగం పెంచే భాగం) ఇచ్చే వేగాన్ని 1, 1.5, 2, 2.5తోనే భాగించగలం. 108 వీటిలో దేనికీ కుదరదు. 96 పెట్టి 2తో భాగించండి.