చెక్క గీతల హ్యాచ్‌లో ఏటవాలు ముక్కలు పై టైల్‌లో పక్కకి జరిగిపోతున్నాయి, డెల్టా విలువలు ఎలా లెక్కకట్టాలి?

నమస్తే అండి, విజయనగరంలో ఇళ్ల ప్లాన్లు, తలుపుల డ్రాయింగులు గీస్తుంటాను. టేకు తలుపు ఎలివేషన్ కోసం ఆటోక్యాడ్‌లో సొంతంగా పాట్ ఫైల్ (హ్యాచ్, అంటే ఖాళీని నింపే గీతల నమూనాని అంకెల్లో రాసే ఫైల్) రాస్తున్నాను, మూడు రోజులుగా ఒక్కచోటే ఆగిపోయింది.

టైల్ (మళ్లీ మళ్లీ వచ్చే నమూనా గడి) 100 వెడల్పు, 1000 ఎత్తు, మిల్లీమీటర్లలో. పాట్ ఫైల్‌లో వంపు గీతలు కుదరవు కదా, అందుకని చెక్కలోని ముడి చుట్టూ తిరిగే గీతని చిన్న చిన్న తిన్నని ముక్కలు చేసి రాశాను. నిలువు గీతలు (90, 0,0, 0,100, 400,-600; అంటే వరసగా కోణం, మొదలయ్యే చోటు, తర్వాతి గీత ఎంత జరగాలో చెప్పే డెల్టా-ఎక్స్, డెల్టా-వై, డాష్ అంటే గీత ముక్క పొడవు, మైనస్‌తో ఖాళీ) చక్కగా వస్తున్నాయి. గొడవంతా ఏటవాలు ముక్కలతోనే. 20కి 1 చొప్పున వాలిన వాటికి కోణం 87 వేసి అదే 0,100 పెడితే మొదటి టైల్‌లో ముడికి సరిగ్గా ఆనుకుంటున్నాయి, పై టైల్‌కి వెళ్లేసరికి దగ్గర దగ్గర 50 మి.మీ. కుడికి జరిగిపోయి ముడి విడిపోయినట్టు కనిపిస్తోంది, ఆ పైన ఇంకో 50.

కోణం 87.1376 అని మార్చినా అంతే. ఫైల్ పేరు, ప్యాటర్న్ పేరు ఒకటే, చివర ఖాళీ లైన్ కూడా ఉంది, స్కేల్ 1. సూపర్‌హ్యాచ్‌తో (గీసిన బొమ్మనే పరిచి నింపే ఆటోక్యాడ్ కమాండ్) బ్లాక్ పెట్టి చూస్తే అతుకు బానే కలిసింది గానీ ఫైల్ బాగా బరువెక్కిపోయింది. మా వడ్రంగి మేస్త్రి ప్రింట్‌లో గీతలు చూసే చెక్క ఏ వాటంలో పెట్టాలో చూసుకుంటాడు, అందుకే ఇవి తప్పు పోకూడదు.

20కి 1 వాలు ఉన్న గీత 100 × 1000 టైల్‌లో ప్రతిసారీ అదే చోటికి రావాలంటే డెల్టా-ఎక్స్, డెల్టా-వై, డాష్ పొడవులు ఏ లెక్కన కట్టాలో ఎవరైనా చెప్తారా?