విషయం: వచ్చే నెల బాబు పుడుతున్నాడు, ఫారంలో జాతి అన్నచోట ఏం రాయాలి?

లావణ్య (ఎడిసన్, న్యూజెర్సీ):
అందరికీ నమస్కారం. ఈ ఊరికి కొత్త. మా ఆయన ఇక్కడివాడే, యూదుడు. నేను మతం మారలేదు, ఇప్పట్లో మారను కూడా. వచ్చే నెల కాన్పు, బాబు అన్నారు. పురుడు పోయడానికి అమ్మ వస్తోంది. డేకేర్ ఫారంలో జాతి ఏమని నింపాలి? పదకొండో రోజు బారసాల చేసుకోవచ్చా?

పద్మజ:
ఫారానిదేముంది లావణ్యా, ఏషియన్, వైట్ రెండిటికీ టిక్ పెట్టెయ్. 2000 సెన్సస్ నుంచి ఒకటికి మించి ఎంచుకోవచ్చు. యూదు అన్న గడి అందులో ఉండదు.

ముందు తేలాల్సింది మీరు ఏ సినగాగులో (యూదుల గుడిలో) చేరతారన్నది. యూదుల్లో ఆర్థడాక్స్, కన్సర్వేటివ్, రిఫార్మ్ అని శాఖలున్నాయి. ఆర్థడాక్స్, కన్సర్వేటివ్ వాళ్ళకి తల్లి యూదురాలైతేనే బిడ్డ యూదుడు, లేదంటే బిడ్డకి మతస్వీకారం చేయించాలి. రిఫార్మ్ రబ్బీలు (యూదు మతగురువులు) 1983లో తండ్రి యూదుడైనా చాలని తీర్మానించారు. కానీ ఊరికే కాదు, హీబ్రూ పేరు, హీబ్రూ బడి, బార్ మిట్జ్వా (పదమూడో ఏట చేసే వేడుక) లాంటివి జరిపిస్తూ పెంచాలి. ఆర్థడాక్స్ వాళ్ళు మాత్రం తల్లి మారకుండా, ఇంట్లో కోషర్ (తిండి నియమాలు), శబ్బాత్ (శనివారం విశ్రాంతి) లేకుండా బిడ్డనొక్కడినే తీసుకోవడం దాదాపు జరగదు. కాబట్టి నీకు ముఖ్యంగా ఉన్నవి రెండు దారులు, రిఫార్మ్ లేదా కన్సర్వేటివ్. కాన్పుకి ముందే తేల్చుకోండి, తర్వాత ఊపిరి సలపదు.

విజయలక్ష్మి:
అమ్మాయ్, బారసాల కంటే ముందు ఎనిమిదో రోజు సంగతి చూసుకో. సున్తీ ఆ రోజే, హీబ్రూ పేరు పెట్టేదీ మామూలుగా అప్పుడే. పుట్టిన రోజు ఒకటి కింద లెక్క. మంగళవారం పగలు పుడితే పై మంగళవారం, పొద్దుగూకాక పుడితే బుధవారం. మతస్వీకారం కోసం చేసే సున్తీ శనివారం చెయ్యరు, ఆదివారానికి జరుపుతారు. ఎనిమిదో రోజంటే మీ అమ్మకి ఇంకా పురిటి మైల. ఇంటినిండా చుట్టాలు, భోజనాలు అంటే ఆవిడ కంగారు పడుతుంది, విమానం ఎక్కకముందే చెప్పు. పదకొండో రోజు పురిటి స్నానం, ఉయ్యాల మామూలుగా చేసుకోండి, దానికి ఎవరూ అడ్డు చెప్పరు. పేరు దగ్గరే పేచీ. మీ నాన్నగారు బతికుండగా ఆయన పేరు పెడతానంటే అష్కెనాజీ (యూరప్ మూలాల యూదు) అత్తగారు ఒప్పుకోరు, వాళ్ళు పోయినవాళ్ళ పేర్లే పెడతారు. సెఫార్దీలైతే (స్పెయిన్ మూలాలవాళ్ళు) ఏ గొడవా లేదు.

ఆసుపత్రిలో డిశ్చార్జికి ముందు సున్తీ ఫారం తెస్తారు. నిద్రమత్తులో సంతకం పెట్టకు. అక్కడ చేయించేస్తే, కన్సర్వేటివ్ దారిలో తర్వాత మళ్ళీ సూదితో ఒక చుక్క రక్తం తీయాలి.

రఘు:
మొహెల్‌కి (సున్తీ చేసేవాడికి) ఫోన్ చేసినప్పుడే తల్లి యూదురాలు కాదని చెప్పండి. చెప్పకపోతే మామూలు సున్తీ కింద మంత్రాలు చదివేస్తాడు, ఆనక బేత్ దిన్ (మతస్వీకారాన్ని ఆమోదించే ముగ్గురి మత న్యాయసభ) ముందు చిక్కు. మతస్వీకారంలో భాగంగా బాబుని మిక్వేలో (యూదుల మతస్నానపు కొలనులో) ముంచేది నెలలు గడిచాకే. ఒంటికీ నీటికీ మధ్య ఏదీ అడ్డు ఉండకూడదు. మొలతాడు, తాయెత్తు, మురుగులు, కాటుక, దిష్టిచుక్క అన్నీ తీసేయాలి, గోళ్ళు కత్తిరించాలి. మనవాళ్ళు మర్చిపోయేది మొలతాడే, డైపర్ కింద కనబడదు. బాబు మొహం మీద ఉఫ్‌మని ఊదితే ఊపిరి బిగబడతాడు, ఆ క్షణంలో ముంచి చేతులు రెప్పపాటు వదిలి అందుకోవాలి.

ఇక కాగితం. బేత్ దిన్‌లో ముగ్గురి సంతకాలూ, హీబ్రూ తేదీ, మిక్వే పేరు ఉన్న ఒరిజినల్ అదే రోజు చేతికి తీసుకోండి. ఒక కుటుంబానికి ఒకే సంతకంతో ఇచ్చి, మిగతావి పోస్టులో పంపుతామన్నారు. రాలేదు. పన్నెండేళ్ళకి వేరే ఊళ్ళో బార్ మిట్జ్వాకి తేదీ అడిగితే కాగితం చూపించమన్నారు. పాత సినగాగు ఇంకోదానిలో కలిసిపోయింది. ఆఫీసులో అడిగితే ఫైళ్ళు బేస్‌మెంట్‌లో ఉన్నాయన్నారు, వెళితే బేస్‌మెంట్ ఖాళీ. ముగ్గురిలో ఇద్దరు పోయారు, మూడోవాడు ఫ్లోరిడా నుంచి ఉత్తరం రాస్తే అది చెల్లదన్నారు. చివరికి ఆ పిల్లాణ్ణి మళ్ళీ ముంచారు.

సుబ్బారావు:
మూడో ఏట పుట్టువెంట్రుకలు తిరుమలలో తీయించండి. యూదుల్లోనూ మూడేళ్ళకి ఉప్షెరిన్ అని తొలిసారి జుట్టు కత్తిరించే వేడుక ఉంది, రెండూ కలిసొస్తాయి.

పద్మజ:
బాబాయ్‌గారూ, ఆ సలహా ఇవ్వకండి. ఆర్థడాక్స్ ఆడవాళ్ళు పెట్టుకునే విగ్గుల్లో తిరుమల జుట్టుందని, అది దేవుడికిచ్చిన జుట్టని 2004లో ఇజ్రాయెల్ రబ్బీ ఎల్యాషీవ్ వాటిని నిషేధిస్తే, బ్రూక్లిన్‌లో వీధుల్లో తగలబెట్టారు.

సుబ్బారావు:
అది ఆర్థడాక్స్ వాళ్ళ గొడవమ్మా. రిఫార్మ్‌లో అన్నీ చెల్లుతాయి.

పద్మజ:
చెల్లవు. ఇంకో మతం బడికి పంపే పిల్లల్ని తమ హీబ్రూ బడుల్లో చేర్చుకోకూడదని రిఫార్మ్ వాళ్ళు 1995లోనే తీర్మానించుకున్నారు. ఆదివారం పొద్దున హీబ్రూ బడి, బాలవిహార్ (పిల్లలకి హిందూమతం నేర్పే బడి) రెండూ అంటే కుదరదు. అమ్మమ్మగారింట్లో దీపావళి జరుపుకోవడం వేరు, అది ఎవరూ అడగరు.

విజయలక్ష్మి:
మీ పోట్లాట తర్వాత. లావణ్యా, పెసాహ్ పండక్కి (గోధుమలతో పులిసినవేవీ ముట్టని యూదుల పండగ) మీ అత్తగారింటికి పప్పుచారు పట్టుకెళ్ళకు. కొట్టులో దొరికే ఇంగువ పొడిలో గోధుమపిండి ఉంటుంది, ఆ ఎనిమిది రోజులూ అది గుమ్మం తొక్కకూడదు. బియ్యం, కందిపప్పు అష్కెనాజీలు ఆ వారం మానేస్తారు. కన్సర్వేటివ్ వాళ్ళు 2015లో తినొచ్చన్నారు కానీ పెద్దవాళ్ళు ఇంకా ముట్టరు.

లావణ్య:
అందరికీ థాంక్స్. మా ఆయన ఇంటిపేరు కాట్జ్. వాళ్ళు కొహెన్‌లని (పూర్వపు పూజారి వంశమని) మామగారు గొప్పగా చెప్తారు. బాబుకీ అది వస్తుందా?

రఘు:
కన్సర్వేటివ్ లెక్కలో రాదండీ. మతం పుచ్చుకున్న బిడ్డకి తండ్రి కొహెన్ హోదా రాదు, హీబ్రూ పేరులో కూడా 'అబ్రహాము కొడుకు' అని రాస్తారు. మామగారికి ఈ మాట సున్తీ రోజు పదిమందిలో తెలియనివ్వకండి, మీ ఆయన్ని ఈ వారమే చెప్పమనండి.