పేరుకి 32 బైట్లు: యూటీఎఫ్-8లోనే ఉంచాలా, వైడ్ చార్‌కి మార్చాలా?

కరీంనగర్_కోడర్
అందరికీ నమస్తే. మా ఆఫీసులో పదిహేనేళ్ల నాటి సీ ప్రోగ్రామ్ ఒకటి నా నెత్తిన పడింది. సభ్యుల జాబితా చదివి రాత్రిపూట చెల్లింపుల ఫైల్ తయారుచేస్తుంది. ఒక్కో సభ్యుడికి ఒక స్ట్రక్ట్ (వివరాలన్నీ కలిపి దాచే పెట్టె), అందులో పేరుకి చార్ నేమ్[32], అంటే 32 బైట్ల చోటు. ఇన్నాళ్లూ పేర్లు ఇంగ్లీషులో ఉండేవి కాబట్టి గొడవ లేదు. ఇప్పుడు తెలుగులో కావాలన్నారు.

లక్ష్మి అని ఇస్తే బాగానే వస్తోంది. వెంకటేశ్వర్లు అని ఇస్తే చివర్లో నల్ల డైమండ్‌లో ప్రశ్న గుర్తు వస్తోంది. పక్క సీటు అన్న "మొత్తం డబ్ల్యూచార్‌కి మార్చెయ్, పీడా పోతుంది" అంటున్నాడు (వైడ్ చార్, ఒక్కో గుర్తుకి ఒకే సైజు పెద్ద గడి). నాకేమో యూటీఎఫ్-8లోనే (ఒక్కో గుర్తుకి ఒకటి నుంచి నాలుగు బైట్లు పట్టే పద్ధతి) ఉంచి ఆ 32ని పెంచితే చాలనిపిస్తోంది. ప్రోగ్రామ్ నడిచేది లినక్స్ మీద, ఫైల్ వెళ్లేది విండోస్ వాళ్లకి. ఏది మంచిది?

అరసున్న
యూటీఎఫ్-8. ఇందులో చర్చ ఏముంది?

నీ డైమండ్ కథ ఇది. వెంకటేశ్వర్లు అంటే 13 కోడ్ పాయింట్లు (యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకిచ్చిన నంబర్లు): వ, ఎత్వం, సున్న, క, ట, ఏత్వం, శ, పొల్లు, వ, ర, పొల్లు, ల, కొమ్ము. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ పాయింట్ ప్రతిదీ 3 బైట్లు. మొత్తం 39. మీ స్ట్ర్‌ఎన్‌కాపీ (కాపీ చేసే ఫంక్షన్) 31 బైట్ల దగ్గర కోసింది, 32వది స్ట్రింగ్ ముగింపు సున్నకి. పది కోడ్ పాయింట్లు నిండుగా వచ్చాయి, పదకొండోదైన పొల్లులో మొదటి బైట్ ఒక్కటే వచ్చింది. ఆ ఒంటరి బైటే డైమండ్.

డబ్ల్యూచార్ జోలికి పోకు. లినక్స్‌లో అది 4 బైట్లు, విండోస్‌లో 2. ఆ స్ట్రక్ట్‌ని ఎఫ్‌రైట్‌తో ఫైల్లోకి తోశావంటే అవతలివాళ్లకి ప్రతి అక్షరం తర్వాత ఒక సున్న కనిపిస్తుంది. సున్న అంటే వాళ్లకి స్ట్రింగ్ అయిపోయినట్టే. వెంకటేశ్వర్లు కాస్తా ఉత్త 'వ' అవుతాడు.

పాతబస్తా
అంత తొందరెందుకండీ. డబ్ల్యూచార్‌ని అలాగే ఫైల్లోకి తోయమని ఎవరన్నారు? లోపల వైడ్, బయట యూటీఎఫ్-8. చదివేటప్పుడు ఎంబీఎస్‌టూడబ్ల్యూసీఎస్, రాసేటప్పుడు దాని తిరుగు ఫంక్షన్. విండోస్ వాళ్లయితే మల్టీబైట్‌టూవైడ్‌చార్. ఇరవై ఆరేళ్లుగా ఇదే చేస్తున్నాను. వైడ్‌లో నేమ్[32] అంటే 31 కోడ్ పాయింట్లు పడతాయి. సత్యనారాయణమూర్తి అయినా 16 కోడ్ పాయింట్లే, హాయిగా పడతాడు. మధ్యలో చీలడం ఉండదు. ఐదో అక్షరం కావాలంటే నేమ్[4], అయిపోయింది. యూటీఎఫ్-8లో ఐదోది కావాలంటే మొదటి నుంచి నడుచుకుంటూ రావాలి.

ఇంకో మాట. ఏ, బీ, సీలకి ఒక్కో బైట్, మన అఆలకి మూడా? యూటీఎఫ్-16లో రెండే. మన భాష మీద యాభై శాతం అదనపు పన్ను వేసి, దాన్నే అందరూ వాడాలనడం ఏం న్యాయం? 1991 నాటి ఇస్కీ (భారతీయ లిపుల కోడ్) ప్రమాణంలో మన అక్షరానికి ఒక్క బైటే. ఆ చార్ నేమ్[32]లోనే వెంకటేశ్వర్లు నిక్షేపంగా ఉండేవాడు.

నల్_బైట్
పన్ను అంట 😀 జీఎస్‌టీ కలిపా, కలపకుండానా?

అరసున్న
పాతబస్తా గారూ, ఐదో "అక్షరం" నేమ్[4] అన్నారు. లక్ష్మి తీసుకోండి. ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఏడు కోడ్ పాయింట్లు. మీ వైడ్ శ్రేణిలో ఐదోది పొల్లు. దాన్ని అక్షరం అని ఏ పంతులుగారు చెప్పారు మీకు? తెరమీద ఉన్నది ల, క్ష్మి. రెండు. వైడ్‌కి వెళ్లి మీరు సాధించింది బైట్ల మధ్యలో కోయకుండా ఒత్తుల మధ్యలో కోయడం.

పైగా పన్ను లెక్క కూడా తప్పు. లక్ష్మి యూటీఎఫ్-8లో 21 బైట్లు. లినక్స్ డబ్ల్యూచార్‌లో 28. ఎవరు ఎక్కువ వసూలు చేస్తున్నారు?

మిరపబజ్జి
ఈ లెక్క వల్లే నాకు మార్కులు పోయాయి. ల్యాబ్ వైవాలో "తెలుగు" అనే మాటకి స్ట్ర్‌లెన్ (బైట్లలో పొడవు) ఎంత అని నేనే ఉత్సాహపడి చేసి చూపించా. 18 వచ్చింది. మా సార్ "మూడక్షరాలకి 18 ఏంటయ్యా, ప్రోగ్రామ్ తప్పు" అని పక్కన పెట్టేశారు. కనీసం ఆరు అన్నా ఒప్పుకునేవారేమో.

పాతబస్తా
అరసున్న గారు మాట మారుస్తున్నారు. అడిగింది డైమండ్ రాకుండా ఎలా అని. వైడ్‌లో డైమండ్ రాదు. ఔనా కాదా?

అరసున్న
రాదు. తప్పు కనిపించకుండా పోతుంది, అంతే.

సుధ_ఎంబెడెడ్
మధ్యలో ఒక చిన్న విషయం. యూటీఎఫ్-8లో కోయాల్సి వస్తే వెనక్కి జరగడం ఎంత తేలికో ఎవరూ చెప్పలేదు. మధ్య బైట్లన్నిటికీ (ఒక గుర్తులో మొదటిది కానివి) పై రెండు బిట్లు 10. కాబట్టి బైట్‌ని 0ఎక్స్‌సీ0తో యాండ్ చేసినప్పుడు 0ఎక్స్80 వస్తే అది మధ్య బైట్. కోసే చోట మధ్య బైట్ ఉన్నంతసేపు ఒక్కో అడుగు వెనక్కి రండి. తెలుగుకి మహా అయితే రెండు అడుగులు.

అన్‌సైన్డ్ (మైనస్ విలువలు లేని) చార్‌లోకి మార్చుకున్నాకే పోలికలు చేయండి. పీసీ మీద జీసీసీలో ఉత్త చార్ అంటే సైన్డ్. మన 'క'లో మొదటి బైట్ 224, కానీ అక్కడ అది మైనస్ 32. "127 కన్నా పెద్దదైతే" అని షరతు పెడితే ఎప్పటికీ నిజం కాదు. అదే కోడ్ నా ఏఆర్ఎం బోర్డు మీద చక్కగా నడిచింది, ఎందుకంటే అక్కడ చార్ మామూలుగా అన్‌సైన్డ్. రెండు రోజులు కేబుల్ మీద అనుమానపడ్డాను.

కరీంనగర్_కోడర్
సుధ గారూ, ఆ వెనక్కి జరిగేది ఇప్పుడే పెట్టి చూశా. డైమండ్ పోయింది! "వెంకటేశ్వర" అని శుభ్రంగా వస్తోంది. సమస్య తీరినట్టేనా?

నల్_బైట్
'లు' ఏమయ్యాడు తమ్ముడూ

గోదారిగట్టు
ఒక ప్రశ్న. "అక్షరాల" లెక్క కావాలంటే ఐసీయూ లైబ్రరీ వాడొచ్చుగా? కోడ్ పాయింట్లు కాకుండా మనిషి చూసే ముక్కల్ని లెక్కేస్తుంది.

పాతబస్తా
వాడి చూడండి. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 వరకు ఆ నియమాల ప్రకారం లక్ష్మి అంటే నాలుగు ముక్కలు: ల, క్, ష్, మి. 15.1లో పొల్లుతో కలిసే హల్లుల్ని ఒకటిగా చూడమన్నాక రెండు ముక్కలయ్యాయి. అంటే పాత సర్వర్ మీద నాలుగు, కొత్త సర్వర్ మీద రెండు. లెక్కే మారిపోయే కొలతతో ఫీల్డ్ పొడవు ఎలా నిర్ణయిస్తారు? అందుకే కోడ్ పాయింట్లు అంటున్నాను. అవి మారవు.

అరసున్న
కోడ్ పాయింట్లు మారవా? "హైదరాబాద్" తీసుకోండి. హ మీద ఉన్న ఐత్వాన్ని ఒకే కోడ్ పాయింట్‌గా రాయొచ్చు, 0సీ48. విడగొట్టి ఎత్వం, కింది ముక్క అని రెండుగానూ రాయొచ్చు, 0సీ46, 0సీ56. యూనికోడ్ దృష్టిలో రెండూ సమానమే. మొదటి పద్ధతిలో 9 కోడ్ పాయింట్లు, రెండో దాంట్లో 10. పాత మ్యాక్ ఫైల్ సిస్టమ్ పేర్లని విడగొట్టే దాచేది. అలాంటి మ్యాక్ నుంచి వచ్చిన "హైదరాబాద్" ఫైల్‌ని నా లినక్స్ ప్రోగ్రామ్ స్ట్ర్‌కంప్‌తో (బైట్లని పోల్చే ఫంక్షన్) వెతికి "లేదు" అంది. కళ్లెదురుగా ఉంది!

పాతబస్తా
నార్మలైజ్ చేయకుండా (రెండు రాతల్నీ ఒకే రూపంలోకి తేకుండా) పోల్చడం మీ తప్పు. దాన్ని తెచ్చి నా నెత్తిన రుద్దకండి.

మిరపబజ్జి
ఇంతకీ "తెలుగు"కి 18 కరెక్టా కాదా?

విజయవాడ_వైఫై
2018లో జ్ఞకి దీర్ఘమిచ్చి మధ్యలో జడ్‌డబ్ల్యూఎన్‌జే (అక్షరాలు కలవకుండా ఆపే కనిపించని గుర్తు) ఇరికిస్తే ఐఫోన్లే కుప్పకూలాయి. ఐఓఎస్ 11.2.6 వచ్చేదాకా వాట్సాప్ తెరవాలంటే భయం. అంత పెద్ద కంపెనీకే చేతకాలేదు, మీరు 32 బైట్ల కోసం కొట్టుకుంటున్నారు.

పాతబస్తా
నేను కొట్టుకోవడం లేదు. ఈ కుర్రాళ్లకి పుస్తకంలో చదివింది తప్ప నిజమైన సిస్టమ్ నడిపిన అనుభవం లేదు. "యూటీఎఫ్-8 అంతటా" అని చొక్కా మీద అచ్చేయించుకుంటే సరిపోదు.

అరసున్న
సరే, అనుభవం గురించే చెప్తా.

మా నాన్న పేరు వెంకటేశ్వర్లు. పైన తమ్ముడి స్క్రీన్ మీద ఏమొచ్చిందో, సరిగ్గా అదే నాలుగేళ్ల క్రితం ఒక ఆఫీసు పింఛను జాబితాలో వచ్చింది. "వెంకటేశ్వర". చివర డైమండ్ లేదు, చెత్త లేదు. ఎవరో బుద్ధిమంతుడు బైట్లు వెనక్కి జరిపి శుభ్రంగా కోశాడు. డైమండ్ ఉంటే కంప్యూటర్ తప్పని కౌంటర్లో ఉన్నాయన ఒప్పుకునేవాడు. ఇది చక్కగా ఇంకో మనిషి పేరులా ఉంది. ఆయన ఆధార్ కార్డునీ జాబితానీ పక్కపక్కన పెట్టి, పెన్నుతో 'ర' కింద గీత గీసి, "ఈయన వేరు, మీరు వేరు" అన్నాడు. అఫిడవిట్ అన్నారు, తర్వాత ఇద్దరు సాక్షులన్నారు. ఎండలో మూడుసార్లు తిరిగాడు మా నాన్న. తన పేరు తనదేనని నిరూపించుకోడానికి.

మీ ఇరవై ఆరేళ్ల అనుభవం ఉన్నవాళ్లే రాసుంటారు దాన్ని.

పాతబస్తా
ఆ జాబితా నేను రాయలేదు. కానీ అలాంటిది రాశాను, దాచను.

మాకు ఇచ్చిన కాగితంలో "పేరు: 32" అని ఉండేది. 32 ఏమిటి అని ఉండదు. బైట్లా, అక్షరాలా, ఒత్తులతో కలిపా? అడిగితే "ఇన్నాళ్లూ సరిపోయిందిగా" అన్నారు. పేరు పట్టకపోతే కోయాలి, లేదా ఆపాలి. మొదట్లో ఆపేలాగే రాశాను. ఒక రాత్రి రెండింటికి ఒక పొడుగు పేరు దగ్గర మొత్తం బ్యాచ్ ఆగిపోయింది. తెల్లారి ఒక్కరికీ డబ్బు పడలేదు. ఫోన్ ఎత్తింది నేనే. ఆ వారమే కోసేలా మార్చాను. ఒక్కరి పేరు కోయడమా, వేలమంది డబ్బు ఆపడమా? మీరైతే ఏం చేసేవారు?

అరసున్న
ఆపేవాణ్ణి.

పాతబస్తా
ఆపరు. ఆ ఫోన్ ఎత్తాక ఎవరూ ఆపరు.

సుధ_ఎంబెడెడ్
అంటే ఇంతసేపూ మీ ఇద్దరికీ గొడవ డబ్ల్యూచార్ గురించి కాదన్నమాట. పట్టని పేరు వస్తే గట్టిగా అరవాలా, కోసి ఊరుకోవాలా అని. దానికి యూటీఎఫ్-8తో పనేముంది? వైడ్‌లోనైనా 32వది వస్తుంది ఎప్పుడో.

ఆపడం, కోయడం రెండే దారులా? పట్టని రికార్డుని వేరే ఫైల్లో పెట్టి మిగతావి నడిపించొచ్చు.

పాతబస్తా
ఆ వేరే ఫైల్‌ని పొద్దున తెరిచేదెవరమ్మా? మా దగ్గరా ఉండేది. రెండేళ్ల తర్వాత ఒకసారి తెరిచి చూస్తే మొదటి రోజువి కూడా అందులోనే ఉన్నాయి. పేరు తెగినవాళ్లకి కనీసం డబ్బయినా పడింది. వీళ్లకి అదీ లేదు.

అరసున్న
డబ్బు పడటానికి ఖాతా నంబరు చాలుగా, పేరు ఎందుకు కోయాలి? పేరుని పొడవు ముందు రాసి, తర్వాత అన్ని బైట్లు రాస్తే సరిపోయేది. 32 అనే అంకె దేవుడిచ్చింది కాదు. పంచ్ కార్డుల రోజుల నుంచి ఎవరో మోసుకొస్తున్నారు, మీరూ మోశారు.

పాతబస్తా
మోశాను. అవతలివాళ్ల ఫార్మాట్ నా చేతిలో లేదు. మీ నాన్నగారి విషయం మాత్రం బాధగా ఉంది. అది మనస్ఫూర్తిగా అంటున్నాను.

కరీంనగర్_కోడర్
అందరికీ థ్యాంక్స్. ఇవాళ్టి సంగతి. యూటీఎఫ్-8లోనే ఉంచాను. లోపల పేరుకి 128 బైట్లు చేశాను, కోసే లైన్ తీసేశాను. దాటితే రికార్డు నంబరుతో సహా తప్పు చూపిస్తుంది. ఉన్న జాబితా మీద నడిపి చూస్తే 128 ఒక్కరు కూడా దాటలేదు. కానీ 31 దాటినవాళ్లు మూడో వంతు కన్నా ఎక్కువ! ఇంటిపేరుతో కలిపి రాస్తారు కదా.

తలనొప్పి ఏంటంటే, ఫైల్ తీసుకునే విండోస్ వాళ్లని అడిగా. వాళ్ల ఫార్మాట్‌లో పేరు 32 బైట్లే, మార్చడం కుదరదన్నారు. మా మేనేజర్ "వాళ్లకి ఇంగ్లీషులోనే పంపు, తెలుగు మన రసీదు మీద వేసుకుందాం" అన్నారు. రసీదు మీద వేస్తే ప్రింట్‌ఎఫ్ %-20ఎస్ (20 గడులకి సర్దమనే ఆదేశం) బైట్లని లెక్కేసి కాలమ్‌లన్నీ వంకరగా వస్తున్నాయి. దానికి కొత్త చర్చ మొదలుపెడతా.

నల్_బైట్
వద్దు అన్నా, దండం పెడతా

మిరపబజ్జి
వెళ్లే ముందు ఎవరైనా ఒక్క ముక్క రాయండి. 18 కరెక్టేనా? స్క్రీన్‌షాట్ తీసి మా సార్‌కి చూపించాలి.

పాతబస్తా
మీ ఫైల్ యూటీఎఫ్-8లో సేవ్ అయితే 18. చివరి సున్న బైట్‌ని స్ట్ర్‌లెన్ లెక్కపెట్టదు. ఆ శ్రేణికి సైజాఫ్ అడిగితే, సున్న కూడా కలిపి, 19.