తాతయ్య హార్మోనియంలో మూడు మెట్లు తగ్గి పలుకుతున్నాయి, సరిచేయించాలా?

తెనాలి మనవడు:
నమస్కారం అండీ. మా అమ్మ వాళ్ళ నాన్న పద్య నాటకాలకు హార్మోనియం వాయించేవారు. ఆయన పోయి ఇరవై ఏళ్ళయింది. పెట్టె మామయ్య ఇంట్లో అటక మీద ఉంటే పోయిన నెల హైదరాబాద్ తెచ్చుకున్నాను. తిత్తికి ఒకచోట తోలు చిరిగితే అతికించాను. సౌండ్ బాగానే వస్తోంది.

ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టి ఒక్కో మెట్టూ చూశాను. పెట్టె మొత్తం కాస్త హెచ్చుగా ఉంది కాబట్టి ముందు యాప్‌ని దానికి సరిపెట్టుకున్నాను. విచిత్రం ఏంటంటే మూడు తెల్ల మెట్లు మాత్రం తగ్గి పలుకుతున్నాయి. 'ఏ' 14 సెంట్లు (పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు), 'డి' 16, 'ఇ' 12. కింది స్థాయిలోనూ ఇంతే, మధ్య, పై స్థాయిల్లోనూ ఇంతే. మిగతా మెట్లన్నీ యాప్‌తో కలుస్తున్నాయి. ఇక్కడ ఒక షాపులో చూపిస్తే, రీడ్లు (లోపల గాలికి మోగే ఇత్తడి రేకులు) పాతబడ్డాయి, గీకి కలిపేస్తాం అన్నారు. ఇచ్చెయ్యనా? ఆయన వస్తువు పాడవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

విశాఖ కీబోర్డు:
ఇత్తడి రీడ్లు కదా, చిలుము పట్టి ఉంటుంది. సన్నటి పగులున్నా శ్రుతి పడిపోతుంది. ఇచ్చేయండి, గంట పని.

గోదారి గట్టు:
ఆగండి బాబూ. ఆ రీడ్లకు ఆకురాయి తగలనివ్వకండి.

నేను రాజమండ్రిలో ముప్ఫై ఏళ్ళుగా హార్మోనియంలు బాగుచేస్తున్నాను. చిలుముతో పోయేవైతే ఒక రీడు ఒకలా, ఇంకోటి ఇంకోలా పోతుంది. మూడు స్థాయిల్లోనూ అవే మూడు మెట్లు, ఒకే లెక్కన దిగాయంటే అది మనిషి చేత్తో చేసిన పని. మీ తాతగారు నాలుగు శ్రుతిలో వాయించేవారా? అమ్మగారిని అడగండి. నాలుగు శ్రుతి అంటే 'ఎఫ్' మెట్టు షడ్జమం ('స'). అప్పుడు 'ఏ' అంతర గాంధారం ('గ'), 'డి' చతుశ్రుతి ధైవతం ('ద'), 'ఇ' కాకలి నిషాదం ('ని') అవుతాయి. మీరు చెప్పిన మూడూ అవే.

తంబురా చక్కగా శ్రుతి చేసి కాసేపు వింటే, ఎవరూ మీటకుండానే గాంధారం వినిపిస్తుంది. షడ్జమం నుంచి అది 386 సెంట్ల దూరంలో ఉంటుంది. పియానో లెక్కలో గాంధారం 400. మీ యాప్‌కి తెలిసింది ఆ లెక్కే, అందుకే 14 తక్కువ అంటోంది. ధైవతానికి 16, నిషాదానికి 12 కూడా ఇలా వచ్చినవే. మీ తాతగారు యాప్ లేకుండా, చెవితో, ఆ స్థానాలకు దించారు. నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తోంది.

రీడు కొసన గీకితే శ్రుతి ఎక్కుతుంది, మొదట్లో గీకితే దిగుతుంది. ఆ మూడు మెట్ల రీడ్లు భూతద్దం పెట్టి చూడండి, మొదట్లో అడ్డంగా సన్నటి గీతలు కనబడాలి. ఒక్క జాగ్రత్త: ఈ పెట్టె మీద ఐదు శ్రుతి పెట్టుకుని పాడకండి, పంచమం దిగిపోయి చెవిని గుచ్చుతుంది. ఇది ఒక్క శ్రుతి కోసమే తయారైన పెట్టె.

పాత రేడియో:
రేడియోలో హార్మోనియం నిషేధించింది ఈ స్వరస్థానాల గొడవకేనా అండీ?

గోదారి గట్టు:
సగం ఇందుకే. 1940 మార్చి 1 నుంచి ఆలిండియా రేడియోలో హార్మోనియం వినపడకుండా చేశారు. ఢిల్లీ కేంద్రంలో పాశ్చాత్య సంగీత విభాగం చూసుకున్న జాన్ ఫౌల్డ్స్ 1938లోనే దీనికి వ్యతిరేకంగా రాశారు. మన సంగీతానికి ఇది తగదని చెప్పింది ఒక ఇంగ్లీషు స్వరకర్త! 1940 జనవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ కూడా కలకత్తా కేంద్రానికి తీసేయమని ఉత్తరం రాశారు. మళ్ళీ 1971లో గానీ సడలించలేదు, అదీ షరతులతో.

గమకం, అంటే స్వరాన్ని ఊపి పలకడం, పెట్టె మీద పలకదన్నారు. అది నిజం. తోడి రాగంలో గాంధారం ఊగాలి, మెట్టు ఊగదు. ఈ పని చేసేవాణ్ణి, నేనే ఒప్పుకుంటాను. స్వరస్థానాలు మనవి కావన్నారు. దాన్ని మాత్రం ఆకురాయితో సరిచేయొచ్చు, ఈ పెట్టెలో చేశారు కూడా. రాత్రి రెండింటికి పందిట్లో చివరి చాప మీద కూర్చున్నవాడికి తంబురా వినపడదు, హార్మోనియం వినపడుతుంది. పద్యం చివర నటుడు రాగం తీసి గాంధారం మీద నిలబడతాడు. అప్పుడు పెట్టె గాంధారం 14 సెంట్లు పైనుంటే రెండు నాదాలూ కొట్టుకుంటూ అలలు అలలుగా వణుకుతాయి. సరిగ్గా కలిస్తే ఏది గొంతో ఏది పెట్టో తెలియదు. ఆ కలయిక కోసమే ఆయన ఇంత కష్టపడ్డారు.

తెనాలి మనవడు:
రీడ్లు చూశాను గురువుగారూ. గీతలున్నాయి! మూడు మెట్లకూ, మూడు స్థాయిల్లోనూ.

అమ్మకి ఫోన్ చేసి నాలుగు శ్రుతా అని అడిగితే ఒక్క క్షణం మాట్లాడలేదు. "నీకెవరు చెప్పార్రా? అది కృష్ణుడి పెట్టె" అంది. కృష్ణుడి వేషం కట్టే ఆయనది నాలుగు శ్రుతట. తాతయ్యకి రెండు పెట్టెలుండేవట. రెండోది ఐదున్నరది, సత్యభామ వేషం వేసే ఆవిడ వచ్చినప్పుడే తీసేవారట. పిల్లల్ని రెంటినీ ముట్టుకోనిచ్చేవారు కాదట. ఆ రెండోది ఎవరికిచ్చారో ఇంట్లో ఎవరికీ తెలీదు. షాపు వాళ్ళకి వద్దని చెప్పేశాను.

గోదారి గట్టు:
ఐదున్నర అయితే ఆ పెట్టెలో 'సి', 'ఎఫ్', 'జి' మెట్లు తగ్గి ఉంటాయి. తెనాలి చుట్టుపక్కల పాత పెట్టెలున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్కసారి యాప్ పెట్టి చూడండి. నా దగ్గరికి రిపేరుకి వచ్చేవి నేనూ చూస్తుంటాను.