ట్రైలర్‌తో ఎత్తు ఎక్కుతుంటే 780 డిగ్రీలు: ఎక్కడ తగ్గించాలి?

ప్రశ్న: బండి 1992 డాడ్జ్ రామ్, 5.9 లీటర్ల కమిన్స్, బాష్ వీఈ డీజిల్ పంపు, ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లార్చేది) ఉంది. పంపు ఇచ్చే డీజిల్‌ను పెంచే ఫుల్ లోడ్ స్క్రూ అర చుట్టు లోపలికి తిప్పాను. లాగుడు బాగా పెరిగింది కానీ 3 టన్నుల ట్రైలర్‌తో ఎత్తు ఎక్కుతుంటే ఎగ్జాస్ట్ వేడి 780 సెల్సియస్ చూపిస్తోంది. నల్లపొగ కూడా ఉంది. వేడి కొలిచే ప్రోబ్ టర్బోకు ముందే, సిలిండర్ల ఎగ్జాస్ట్ కలిసే మానిఫోల్డ్‌లో ఉంది. స్క్రూ వెనక్కి తిప్పేయాలా?

జవాబు: ముందు పెడల్ మీద కాలు తగ్గించండి, 780తో ఎక్కనివ్వొద్దు. టర్బోకు ముందు కొలిచినప్పుడు ఎంతసేపైనా లాగడానికి 680 లోపు, ఓవర్‌టేక్ చేసే కొద్ది సెకన్లకు 720 దాకా అనుకోండి. అల్యూమినియం 660 దగ్గరే కరుగుతుంది. కింద నుంచి ఆయిల్ చల్లార్చబట్టే పిస్టన్ తల నిలబడుతోంది, లోడు ఆగకుండా ఉంటే ఆ వెసులుబాటు పోతుంది.

స్క్రూ సంగతి తర్వాత. అదే ఎత్తులో, అదే గేర్‌లో బూస్ట్ (టర్బో ఎక్కించే గాలి ఒత్తిడి) ఎంత? తిప్పక ముందు ఎంత ఉండేది?

అడిగినవారు: అప్పుడూ 17 పీఎస్ఐ, ఇప్పుడూ 17 అండి.

జవాబు: అయితే అసలు లోపం అక్కడే ఉంది. వేస్ట్‌గేట్ (బూస్ట్‌ను ఒక హద్దు దగ్గర ఆపే వాల్వ్) లేని ఇలాంటి టర్బోకు డీజిల్ పెరిగితే బూస్ట్ కూడా పెరగాలి. పెరగలేదంటే గాలి ఎక్కడో బయటికి పోతోంది, లేదా గాలి ఫిల్టర్ మూసుకుపోయింది. టర్బో గాలి తీసుకునే మూతికి టైరు వాల్వ్ బిగించిన బిరడా పెట్టి 20 పీఎస్ఐ గాలి ఎక్కించండి, ఇంటర్‌కూలర్ గొట్టాల అతుకులన్నిటికీ సబ్బునీళ్లు రాయండి. ఎక్కువగా క్లిప్పుల దగ్గరే, గొట్టం అడుగువైపు బుడగలొస్తాయి. పైనుంచి చూస్తే కనబడదు.

మరొకరు: లీకు సరిచేశాక కూడా వేడి దిగకపోతేనే స్క్రూ జోలికి వెళ్లండి. ఒకేసారి పావు చుట్టుకు మించి తిప్పొద్దు, ఐడిల్ మారుతుంది కాబట్టి ప్రతిసారీ సరిచేయాలి. మరీ లోపలికి పోతే పెడల్ వదిలినా ఇంజిన్ స్పీడు దిగదు, అది ప్రమాదం.

బూస్ట్ రాకముందే పొగ వస్తుంటే ఫుల్ లోడ్ స్క్రూ ఒక్కటే కారణం కాకపోవచ్చు. పంపు పైన, బూస్ట్‌ను బట్టి డీజిల్ పెంచే డయాఫ్రమ్ కింద స్ప్రింగ్ వదులుగా ఉండి, గాలికంటే ముందే డీజిల్ వస్తుండొచ్చు. మూత తీసే ముందు డయాఫ్రమ్ ఏ వైపు తిరిగి ఉందో గీత పెట్టుకోండి. దాని కింది కోను ఒక పక్కకు ఎక్కువ కోసి ఉంటుంది, తిరిగితే డీజిల్ కొలతే మారిపోతుంది.

టైమింగ్ (డీజిల్ చిమ్మే సమయం) వెనకబడినా వేడి పెరుగుతుంది, మంట ఆలస్యంగా మండి ఎగ్జాస్ట్‌లోకి పోతుంది గనుక. అలాగని మరీ ముందుకు జరిపితే సిలిండర్ ఒత్తిడి పెరిగి హెడ్ గాస్కెట్ పోతుంది. టైమింగ్ కొలిచే డయల్ గేజ్ లేకుండా ముట్టుకోకండి.

అడిగినవారు: ఆ లోపు ఎక్కాల్సి వస్తే?

జవాబు: గేర్ దించి 1600 కాకుండా 2200 దగ్గర ఎక్కండి. ఆర్‌పీఎం పెరిగితే గాలి పెరుగుతుంది, అదే వేగానికి ప్రతి ఇంజెక్షన్‌లో పడే డీజిల్ తగ్గుతుంది. పైకెక్కాక వెంటనే ఇంజిన్ ఆపకండి, గేజ్ 200కి దిగేదాకా ఐడిల్‌లో ఉంచండి, లేదంటే టర్బో బేరింగులో ఆయిల్ మాడి గట్టిపడుతుంది.

ఇంకొకటి: ఆ మానిఫోల్డ్ లోపల మూడేసి సిలిండర్లకు ఒకటిగా రెండు భాగాలు. మీ ప్రోబ్ మూడు సిలిండర్ల వేడే చెబుతోంది. మిగతా మూడింటిలో ఒక ఇంజెక్టర్ కారుతున్నా గేజ్‌కు తెలియదు, అందుకే ఇంజెక్టర్ల నాజిళ్లు (డీజిల్ చిమ్మే మూతులు) కూడా ఒకసారి టెస్ట్ బెంచ్‌లో చూపించండి.