యుద్ధ నేరాల సాక్షులను డాక్యుమెంటరీ వాళ్లు ముందే షూట్ చేయొచ్చా?

నల్లకోటు:
నా మాట సూటిగా చెప్తా. దర్యాప్తు వాళ్ల కంటే ముందు కెమెరా వాళ్లు ఊళ్లోకి దిగి, సాక్షుల చేత మాట్లాడించి, పది నిమిషాల ఫిల్మ్ వదలడం కేసుకు చేటు. కాంగోలో సాయుధ దళం నడిపిన లుబంగా కేసు తీసుకోండి. పదిహేనేళ్ల లోపు పిల్లలను సైన్యంలో చేర్చుకున్నాడని హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టులో నడిచిన మొట్టమొదటి విచారణ అది. 2009లో తొలి సాక్షిగా వచ్చిన కుర్రాడు, తను చెప్పేది వేరేవాళ్లు నేర్పిందని అక్కడే మాట మార్చాడు. బాల సైనికులమని చెప్పినవాళ్ల సాక్ష్యాలను చివరికి జడ్జీలు దాదాపు పక్కన పెట్టేశారు, మధ్యవర్తుల ప్రభావం ఉండొచ్చని.

పెన్నా ఒడ్డు:
లాయర్ గారూ, సగం కథే చెప్పారు. 2012లో లుబంగాకు 14 ఏళ్లు పడ్డాయి కదా, అందులో పెద్ద ఆధారం వీడియోనే. శిక్షణ శిబిరానికి వెళ్లి చిన్నపిల్లలున్న దళంతో అతను మాట్లాడుతుండగా తీసింది. బోస్నియాలోనూ అంతే, 1995లో ఆరుగురిని కాల్చి చంపుతూ స్కార్పియన్స్ అనే సెర్బ్ సాయుధ దళం వాళ్లే తీసుకున్న టేపు 2005లో సెర్బియా మాజీ అధ్యక్షుడు మిలోషెవిచ్ విచారణలో బయటికొచ్చింది. అది టీవీలో చూసి తన కొడుకును గుర్తుపట్టిన తల్లి ఉంది.

నల్లకోటు:
అవి నేరం జరుగుతుండగా తీసినవండీ. నేనంటున్నది తర్వాత కూర్చోబెట్టి చెప్పించే వాటి గురించి. ఒక సాక్షి ఉందనుకోండి, ఆవిడ ఫిల్మ్‌లో నలుగురు సైనికులు అంటుంది, కోర్టులో ఆరుగురు అంటుంది. డిఫెన్స్ లాయర్‌కి ఇంకేం కావాలి? ఆ స్థానంలో నేనున్నా ఆ క్లిప్పే వేస్తా.

గోదారి పిల్ల:
మరి దర్యాప్తు వాళ్లు వచ్చేదాకా నోరు మూసుకుని కూర్చోవాలా? బోస్నియా సెర్బ్ సేనాధిపతి మ్లాదిచ్ మీద 1995లోనే అభియోగం పెట్టారు, మనిషి దొరికింది 2011లో. ఈలోపు ఎంతమంది ముసలి తల్లులు పోయుంటారు. వాళ్ల మాట ఎక్కడో ఒకచోట ఉండొద్దా? ఇక జ్ఞాపకం తడబడితే అబద్ధమేనా? 1998లో బోస్నియా యుద్ధానికే సంబంధించిన ఫురుంజియా కేసులో బాధితురాలు మానసిక చికిత్స తీసుకుందని తెలిసి విచారణనే మళ్లీ తెరిచారు, ఆమె జ్ఞాపకాన్ని నమ్మలేమని డిఫెన్స్ వాదన. జడ్జీలు ఒప్పుకోలేదు. అంత షాక్ తిన్న మనిషి కూడా నమ్మదగ్గ సాక్షి కావచ్చన్నారు.

ఎడిట్ టేబుల్:
ఇన్నాళ్లూ చదివి ఊరుకున్నా, ఇది నా పని కాబట్టి చెప్తున్నా. చెన్నైలో ఉండగా, 2009లో శ్రీలంక యుద్ధం చివర్లో ముల్లివాయ్‌క్కాల్ నుంచి ప్రాణాలతో బయటపడ్డ ఒక ఈలం తమిళ అక్క మాట్లాడిన డాక్యుమెంటరీ ఎడిట్ చేశా. మూడు గంటల రషెస్ (కోయని అసలు ఫుటేజ్), ఫైనల్ 12 నిమిషాలు. నేను మొదట కోసిందేంటో తెలుసా? "సరిగా గుర్తులేదు తమ్ముడూ", "అది నేను చూళ్లేదు, మా ఆయన చెప్పాడు" అన్న ముక్కలు. స్పీడు తగ్గిపోతోందని. ఆవిడ ఎంత జాగ్రత్తగా చెప్పిందో అంత జాగ్రత్తా నా కత్తెరలో పోయింది, మిగిలిన దాంట్లో అన్నీ కళ్లారా చూసినట్టే ఉంటుంది. లాయర్ గారు అడిగే తేడా పుట్టేది అక్కడ, ఆవిడ నోట్లో కాదు.

నల్లకోటు:
ఇది నాకు తట్టలేదు, ఒప్పుకుంటా. అయితే రషెస్ కోయకుండా, తేదీతో సహా ఉంటే అవి ఆవిడకే రక్ష. అయినా షూట్ చేసేవాడికి ప్రశ్న అడగడం రావాలి. "వాళ్లు కాల్చారు కదా?" అని అడిగితే జవాబు వాడే ఇచ్చేసినట్టు.

గోదారి పిల్ల:
ఆ అక్కను ఎన్నిసార్లు చెప్పించారో కూడా అడగండి. లైంగిక హింస బాధితులతో ఎలా మెలగాలో 2022లో మురాద్ కోడ్ అని నియమాలు వచ్చాయి, అసలు ఈ ఇంటర్వ్యూ అవసరమా అని ముందు ఆలోచించమంటాయి. మనవాళ్లు లైటింగ్ బాలేదని మళ్లీ ఏడిపిస్తారు.

ఎడిట్ టేబుల్:
రెండు టేకులు తీశారు. మైక్ ప్రాబ్లం అన్నారు.

పెన్నా ఒడ్డు:
బ్రో, ఆ మూడు గంటలూ ఇప్పుడెక్కడున్నాయి?

ఎడిట్ టేబుల్:
ప్రొడ్యూసర్ దగ్గర హార్డ్ డిస్క్‌లో ఉండాలి. ఆయన ఇప్పుడు పెళ్లి వీడియోలు చేస్తున్నాడు, డిస్క్ ఖాళీ చేసేశాడేమోనని టెన్షన్‌గా ఉంది. పొద్దున ఫోన్ చేస్తా.